సురాయి మీద గీత

పదేళ్లుగా నా దగ్గర ఒక అద్దపు పలక ఉంది. అరచేతికంటే కాస్త పెద్దది. ఎత్తి చూస్తే బరువే ఉండదు. అయినా దాన్ని మోయలేకపోతున్నాను. ఈ కాగితం ఎవరి చేతిలో పడుతుందో, మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. చెప్పేంత ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పనే ఉండేది కాదు. కామారెడ్డిలో ఫొటోలు తీసి బతికే మనిషినని మాత్రం తెలుసుకోండి. ఊళ్లో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? ఆరా తీస్తే నా పేరు మీకు తెలిసిపోతుంది. ఆ వాక్యం రాసి, కొట్టేద్దామా అని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. కొట్టేయలేదు.

నేను పుట్టు పిరికివాణ్ణి. నల్లగుడ్డ కింద తల దాచుకునే పని దొరకడం నా అదృష్టమని మా ఇంటావిడ నవ్వేది. ఆమెకు కూడా ఈ సంగతి తెలియదు.

పదేళ్ల కిందట చలికాలంలో ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊళ్లో దొర ఉండే గడి నుంచి కబురొచ్చింది. ఊరి పేరు రాయను. ఆ దొర ఇంకా ఉన్నాడు. ఆయన తండ్రి బొంబాయి నుంచి తెప్పించిన గాజు సామాను ఒక గది నిండా ఉండేది. చెక్కుడు పువ్వులున్న పొడుగు మెడ సురాయిలు, పన్నీరు చల్లే గులాబ్‌దాన్లు, ఒంటికాలి మీద నిలబడే పూలగిన్నెలు. సారా పోసుకునే సురాయిల జోడీ ఒకటి వాటిలో అన్నిటికంటే పాతది. హైదరాబాదులో ఒక పెద్ద నవాబుకు దాని మీద మనసైంది. నజరానాగా ఆ జోడీ ఇచ్చుకోవాలని దొర ఆశ. ముందు ఫొటో పోవాలి, నవాబు చూసి సరే అన్నాక సామాను పోవాలి. నన్ను పిలిచింది అందుకు. గడ్డి పరిచిన బండిలో ఫొటో తీసే డబ్బానూ, బొమ్మ పడే అద్దపు పలకలనూ పెట్టుకుని వెళ్లాను.

గాజును ఫొటో తీయడం ఎంత కష్టమో తీసినవాడికే తెలుసు. వెనక ఏముంటే అది కనిపిస్తుంది, ముందు నేనూ నా మూడుకాళ్ల డబ్బా కనిపిస్తాం, గాజు మాత్రం కనిపించదు. అందుకని మా పనిలో ఒక ఉపాయం ఉంది. కిటికీకి తెల్లగుడ్డ కట్టి, సురాయిని దాని ముందు పెట్టి, లోపల పాలు కలపని చాయ్ పోస్తాం. అప్పుడు చెక్కిన ప్రతి పువ్వూ లేచి నిలబడుతుంది. చాయ్ చల్లగా ఉండాలి. పని నేర్పిన గురువు మొదటిరోజే చెప్పిన మాట ఇది.

గాజు సామాను కడిగి తుడిచే పని సాయవ్వది. గడిలో పుట్టి, గడిలో పెరిగి, చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని, ఒక్క కూతురితో గడి వెనక కొట్టంలో ఉండే మనిషి. ఆమె సామాను సర్దుతుంటే చప్పుడన్నదే వినిపించేది కాదు. జోడీలో మొదటి సురాయి ఫొటో బాగానే అయింది. దానిలో పోసిన చాయ్ కొంత ఒలికిపోవడంతో రెండోదానికి మళ్లీ కాయమన్నాను. సాయవ్వ ఇత్తడి చెంబులో తెచ్చింది. పొగలు కక్కుతోంది.

"సలసల మసులుతున్నది అయ్యా. జర సల్లారనియ్యి" అంది.

కిటికీ వైపు చూశాను. ఎండ గోడ దాటబోతోంది. పక్క గదిలో దొర దగ్గుతున్నాడు. ఈ వెలుగు పోతే రేపటిదాకా ఆగాలి. ఆగాలని ఆ దొరకు ఎవరు చెప్పాలి? చెంబు అందుకుని, వెనక కొట్టం నుంచి ఇంకో పొడిగుడ్డ తెమ్మని ఆమెను బయటికి పంపాను. రాత్రంతా చలికి మంచుగడ్డలా ఉన్న సురాయిలో ఆ వేడి చాయ్ పోశాను.

చిన్న చప్పుడైంది. గోరు విరిగినంత చప్పుడు. ఏం కాలేదని నాకు నేనే చెప్పుకుని నల్లగుడ్డ కప్పుకున్నాను. ఒక పలక మీద ఫొటో తీశాను. చాయ్ పారబోసి తుడుస్తుంటే అప్పుడు కనిపించింది. మెడ మొదలు దగ్గర పుట్టి పొట్ట దాకా జారిన గీత. వెంట్రుకంత సన్నం. వేలితో రాస్తే తగులుతోంది.

అప్పుడే దొర గదిలోకి వెళ్లి కాళ్ల మీద పడి ఉంటే? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. తిట్టేవాడు, కొట్టించేవాడు, డబ్బా లాక్కునేవాడు. అంతకంటే ఏం చేసేవాడు? కానీ ఆ క్షణంలో కాళ్లు కదల్లేదు. చేతులు మాత్రం చకచకా కదిలాయి. సురాయిని తిప్పాను. గీత వెనక్కి పోయేలా, బాగున్న వైపు నా వైపుకు వచ్చేలా. ఈసారి చెంబులో మిగిలిన చాయ్‌లో చల్లటి నీళ్లు కలిపి పోసి, ఆ రంగు వెనక గీత దాగాక ఇంకో పలక మీద ఫొటో తీశాను. సాయవ్వ గుడ్డతో వచ్చేసరికి సురాయి మూత పెట్టుకుని బుద్ధిగా నిలబడి ఉంది. ఆమె దాని వైపు చూసి, ఎంత ముద్దుగా ఉందో అన్నట్టు నవ్వింది.

కామారెడ్డి వచ్చి ఎర్రదీపం కింద పలకలు కడిగాను. మా పలకల మీద లోకం తిరగబడి ఉంటుంది, తెల్లనిది నల్లగా పడుతుంది. రెండో సురాయిని తిప్పకముందు తీసిన పలక మీద ఆ గీత నల్లగా, సూటిగా, దారం పెట్టి గీసినట్టు తేలింది. దాన్ని దాచేసి, తిప్పి తీసినదాని నుంచి కాగితం మీద నవాబుకొకటి, దొరకొకటి ఫొటోలు తీసి గడికి పంపాను. బాగుందని దొర మెచ్చుకున్నాడట.

నెల తిరగకుండానే మళ్లీ బండి వచ్చింది. ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు. ఆ దారి పొడవునా నా పళ్లు టకటక కొట్టుకున్నాయి, చలికని నటించాను. నవాబు సరే అన్నాక, పంపడానికి కడుగుతూ సాయవ్వ ఆ సురాయిని మెడ పట్టుకుని ఎత్తిందట. మెడ ఆమె చేతిలో ఉండిపోయింది, ఒళ్లు బండ మీద పడి ముక్కలైంది. జోడీ చెడింది. ముందే పగిలి ఉందని, తాను మెల్లగానే ఎత్తానని ఆమె మొత్తుకుంది. అందుకే సాక్ష్యానికి నేను.

గడి ముందు జనం నిలబడి ఉన్నారు. దొర చేతిలో నా ఫొటో.

"ఏందయ్యా, నువ్వు తీసిననాడు ఇది మంచిగున్నదా, లేదా?"

"మంచిగనే ఉండె దొరా."

సాయవ్వ నా వైపు తిరిగింది. "అయ్యా, ఆనాడు చాయ నీళ్లు మసులుతుండె గద. గవ్వే పోసినవా? నిజం చెప్పయ్యా, నీ కాల్మొక్త."

నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది. "లే. సల్లారినంకనే పోసిన" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తన రెండు చేతులనూ తిప్పి చూసుకుంది. ఆ చూపును నేను అప్పుడు అర్థం చేసుకోలేదు. వీపు మీద బండరాయి ఎత్తి ఆమెను ఎండలో వంగబెట్టారు. నా బండి పోవలసిన దారి ఆమె పక్కనుంచే. బండివాడు ఎడ్లను మెల్లగా నడిపించాడు. నేను పలకల పెట్టె సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. ఆ సాయంత్రమే కొట్టం ఖాళీ చేయించారని, కూతుర్ని తీసుకుని జుక్కల్ దిక్కు చుట్టాల దగ్గరికి పోయిందని తరువాత విన్నాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అప్పటినుంచి నా బతుకంతా తడుముకోవడమే. తలుపు తడితే గడి మనిషేమో అనుకుంటాను. ఎల్లారెడ్డి నుంచి ఎవరైనా వస్తే ముందు వాళ్ల ముఖం చదువుతాను. పనికిరాని పలకలను సోడా నీళ్లలో వేసి కడిగితే మామూలు అద్దాలవుతాయి. దేవుడి పటాలకు బిగించుకోవడానికి జనం తీసుకెళతారు. ఎన్నో పలకలు అలా కడిగాను. పెళ్లికొడుకుల ముఖాలు, చచ్చిపోయినవాళ్ల ముఖాలు కూడా నీళ్లలో కరిగిపోయాయి. గీత పడ్డ ఆ ఒక్కదాన్ని మూడుసార్లు నీళ్లదాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చాను. అది ఉన్నంతకాలం దొరికిపోతానని భయం. అది పోతే నిజమన్నది ఎక్కడా లేకుండా పోతుందని ఇంకా పెద్ద భయం. ఇంతకీ నేను కాపాడింది నిజాన్నా, లేక మంచివాణ్ణన్న నా భ్రమనా? ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న సాయవ్వ వచ్చింది.

అల్లుడు బొంబాయి మిల్లుకు పోతున్నాడని, పోయేలోపు అందరూ కలిసి ఒక ఫొటో తీయించుకోవాలని వచ్చారు. కూతురు, అల్లుడు, మూడేళ్ల మనవరాలు. తల నెరిసినా వెంటనే గుర్తుపట్టాను. ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది. అరుస్తుందని, ఊరంతా పోగవుతుందని అనుకున్నాను.

"నువ్వు గడికొచ్చిన ఫొటోల అయ్యవు గద. మంచిగున్నవా?" అంది.

తల ఊపాను. వాళ్లను కూర్చోబెట్టి, అలవాటు చొప్పున పక్కన చిన్న బల్ల మీద గాజు పూలగిన్నె పెట్టాను. సాయవ్వ చప్పున లేచి దూరం జరిగింది.

"అద్దం సామాన్లు నా పక్కపొంటి పెట్టకయ్యా. నా చేతులు మంచియి గావు. మొదట్ల నేను పగులగొట్టలేదనే అనుకున్న. నువ్వు సల్లార్చి పోసిన అంటివి. సదువుకున్నోనివి, నీకు అబద్ధమాడే పనేముంటది? ఇగ నా చెయ్యే తగిలుంటది. ఈ పిల్లకు గాజులు గూడ నేను తొడుగ, పక్కింటామెతోని తొడిగిపిస్త."

మనవరాలి చేతుల్లో ఎర్ర గాజులున్నాయి. అమ్మమ్మ వేలు పట్టుకోబోతే సాయవ్వ తన చెయ్యి కొంగులో దాచుకుని కొంగు అంచు అందించింది. అది అలవాటైన పనిలా ఉంది. పాప కొంగు పట్టుకుని నిలబడింది.

రాయి బరువు ఒక్క మధ్యాహ్నంతో దిగి ఉంటుంది. నేను పెట్టిన ఈ బరువును ఆమె ఇన్నేళ్లు తనదే అనుకుని మోసింది. అప్పుడైనా చెప్పవచ్చు. ఇక్కడ దొర లేడు, జనం లేరు, తలుపు వేసే ఉంది. ఒక్క మాట. సాయవ్వా, నీ చెయ్యి కాదు. అంతే. గొంతుదాకా వచ్చింది. ఈమె ఊళ్లో చెబితే, అది గడిదాకా పోతే అని లోపల ఒక లెక్క. నల్లగుడ్డ కప్పుకున్నాను. కింద నుంచి నా గొంతు వినిపించింది.

"కదలకు సాయవ్వా."

ఆమె కదల్లేదు. ఫొటోలో ఆమె చేతులు కనిపించవు.

వాళ్లు వెళ్లాక తలుపు గడియ వేసి ఆ పాత పలక నుంచి మొదటిసారి కాగితం మీద ఫొటో తీశాను. కాగితం మీద గీత తెల్లగా వచ్చింది. ఈ ఉత్తరంతో పాటు అది కూడా పెడుతున్నాను. వెలుగుకు పట్టి మెడ దగ్గర చూడండి. ఇది ఆమెకు చేరాలి, మీకు కాదు. అది నాకు తెలుసు. జుక్కల్ వెళ్లే ధైర్యం రేపు వస్తుందని మీకు మాట ఇవ్వను, నా మాట విలువేమిటో మీరిప్పుడే చదివారు. క్షమించమని కూడా అడగను, అది మీ చేతిలో లేదు.

వేడి చాయ్ పోసింది నేను. ఆమె వద్దన్నా పోశాను. సురాయి పగలగొట్టింది నా చెయ్యి.

రాసేశాను. ఇక మడుస్తున్నాను.