పెదనాయనకు కప్పిన శాలువా

మా పెదనాయన ఒకచోట కుదురుగా కూర్చోడు. సైన్యంలో హవల్దారుగా చేసి తమిళనాడులోని మా ఊరు పెరియంపట్టికి తిరిగొచ్చినప్పటి నుంచీ అంతే. అన్నం తింటూ మధ్యలో లేస్తాడు, వాకిట్లోకి పోయి నిలబడతాడు, మళ్ళీ వచ్చి కంచం ముందు కూర్చుంటాడు.

అలాంటి మనిషిని రిపబ్లిక్ దినోత్సవం నాడు వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టే పని నా మీద పడింది. నేను ఊరి బడిలో లెక్కల టీచర్ని. ఈసారి మాజీ సైనికుడికి శాలువా కప్పుదామని మా హెడ్మిస్ట్రెస్ అనుకున్నారు. మీ ఇంట్లోనే ఒకాయన ఉన్నారు కదా అన్నారు.

"నేను ఏ యుద్ధానికీ పోలేదే పాపా" అన్నాడు పెదనాయన.

ఆయన చేసింది వేరే పని. చాలా ఏళ్ళ కిందట ఉత్తరాదిలో ఒకచోట, పాత ఇనుము కొనే అంగట్లో ఏదో యంత్రాన్ని పగలగొట్టారు. దాని లోపలి లోహం నుంచి కంటికి కనిపించని కిరణాలు వస్తాయని అక్కడివాళ్ళకు తెలియదు. ముక్కలూ పొడీ చుట్టుపక్కల ఇళ్ళదాకా చేరాయి. మనుషులు జబ్బుపడ్డాక శాస్త్రవేత్తలు వచ్చారు. వాళ్ళకు సాయంగా పెదనాయన దళాన్ని పంపారు. ఇళ్ళు ఖాళీ చేయించడం, మనుషులనూ సామాన్లనూ కడగడం, కడిగినా శుభ్రం కానివాటిని డ్రమ్ముల్లో వేసి మూత బిగించడం వీళ్ళ పని. తర్వాత మిలిటరీ డాక్టర్లు పరీక్షలు చేసి ఆయనకేమీ లేదన్నారు. మాకు తెలిసింది అంతే.

"అదే చెప్పు పెదనాయనా. అదీ దేశం పనే కదా" అన్నాను. ఆయన లేచి వాకిట్లోకి పోయాడు.

ఆ రోజు పొద్దున్నే లేచి చూస్తే ఇంట్లో లేడు. జెండా ఎగరేసే వేళ దగ్గర పడుతోంది. బండి తీసుకుని రోడ్డంతా వెతికాను. చివరికి అనప చిక్కుడు చేలో, ఇస్త్రీ చొక్కాతోనే, కలుపు పీకుతూ కనిపించాడు.

"అందరూ కాచుకోని ఉండారు. రా!"

"వస్తా ఉండాను లే. ఏంటికి ఆ అరుపులు?"

బడి గేటు దగ్గర ఫ్లెక్స్ కట్టారు. యుద్ధ ట్యాంకు, దాని పక్కన తుపాకీ పట్టుకున్న ఎవరో కుర్రవాడు, పైన మూలలో మా పెదనాయన ఫోటో. ఆయన దాని ముందు ఆగిపోయాడు.

"ఈ ట్యాంకు ఎవరిది?"

"అచ్చేసినవాడు పెట్టేసినాడు. పద."

వేదిక మీద ఆయన లేస్తాడేమోనని నేను కింద నిలబడి కళ్ళతోనే బతిమాలుతున్నాను. లేచాడు. నేరుగా మైకు దగ్గరికి పోయాడు. "వణక్కం" అని తమిళంలో మొదలుపెట్టి, రెండు మాటలు మాట్లాడి ఆగిపోయాడు. తర్వాత ఇంట్లో మాట్లాడినట్టే తెలుగులో, ఆ పాత ఇనుము అంగడి సంగతి నుంచి అందుకున్నాడు. మా ఊళ్ళో ఎన్నో ఇళ్ళలో తెలుగే. మైకులో మాత్రం నేనెప్పుడూ వినలేదు.

"ఆడ ఒకాయమ్మ ఉండె. కూలికి పోయే మనిషి. మెడలో నల్లపూసల తాళి. కిరణాలు పట్టే మిషన్ పెడితే అది టిక్కుటిక్కుమంటా ఉండాది. కడిగినాము. మళ్ళా కడిగినాము. పోలే. తీయమ్మా అంటే తీయదు. మొగుడు ఆస్పత్రిలో ఉండాడు, ఇప్పుడు తీస్తే ఆయనకేమన్నా అయితాదని ఏడుస్తాది. మెడలో ఉంటే ఆయమ్మకు చేటు. ఆఫీసరు నా దిక్కు చూసినాడు. నేనే తెంపినాను. డ్రమ్ములో వేసి మూత బిగించినాను." గేటు వైపు తిరిగాడు. "తప్పు చేయలేదు. మళ్ళా చేయమన్నా చేస్తాను. ఈ ట్యాంకూ గీంకూ మాత్రం నాది కాదు."

పిల్లలకు అన్నం వండే అవ్వ వంటగది గడప దగ్గర నుంచే గట్టిగా అడిగింది.

"ఆయమ్మ మొగుడు బతికినాడా?"

"తెలీదమ్మా. మమ్మల్ని వేరే తావుకు పంపించేసిరి."

"ఇన్నేండ్లు అది తెలీకుండా ఎట్ల ఉండావయ్యా?"

"ఎట్ల ఉండానా? చూస్తానే ఉండారు కదా, ఇట్ల తిరుగుతా ఉండాను."

తెలుగు రాని హెడ్మిస్ట్రెస్ ఆయన ఏమన్నారని అడిగితే, వేదిక ఎక్కి చెవిలో తమిళంలో తడబడుతూ చెప్పాను. ఆమె శాలువా చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడిపోయారు. అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి, "ఇట్ల ఇవ్వండమ్మా" అని అందుకుంది. పెదనాయన కంటే పొట్టి మనిషి. ఆయన వంగితే భుజాల మీద కప్పి, "మంచి పనే చేసినావు. ఆయమ్మను కాపాడినావు" అంది. ఆయన తలూపాడు. ఒప్పుకున్నట్టు లేదు, కాదన్నట్టూ లేదు.

జాతీయ గీతం పాడినంతసేపూ కొయ్యలా నిలబడ్డాడు. అది అవగానే శాలువాతోనే గేటు దాటిపోయాడు. నేను పరుగులాంటి నడకతో అందుకున్నాను.

"పాపా, ఆయమ్మ మొగుడి సంగతి ఇప్పుడు ఎవురినన్నా అడిగితే తెలుస్తుందా?"

"అడిగి చూద్దాం" అన్నాను.

అప్పటి నుంచి పొద్దునపూట తనతో పనిచేసినవాళ్ళకు ఫోన్లు చేస్తున్నాడు. హిందీలో, గట్టిగా, వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ. ఆస్పత్రిలో చేరినవాళ్ళలో కొందరు కోలుకుని ఇళ్ళకు పోయారని నిన్న ఒకాయన చెప్పాడట. ఎవరెవరో ఆయనకు గుర్తులేదు. గుర్తుండే మనిషి ఇంకెవరని అడిగి పెదనాయన మరో నంబరు రాయించుకున్నాడు. ఆ నంబరు ఇంకా కలవలేదు.