పక్క సీటు కింద పట్టే బ్యాటరీ

ఆ వ్యాను నా చేతికి వచ్చేనాటికే బాగా పాతది. అంతకుముందు అది ఊళ్లు తిరిగి మందులిచ్చే బండి. పక్క రేకుల మీద ఉన్న ఎర్ర ప్లస్ గుర్తుల మీద తెల్ల రంగు వేయించాను గానీ, ఎండ సూటిగా పడితే అవి లోపలి నుంచి లేత గులాబీ రంగులో మళ్లీ కనపడేవి. రోగిని పడుకోబెట్టే బల్ల నాకు మంచమైంది. మందుల అలమారలో కళ్లద్దాలు సర్దుకున్నాను. వెనక మూలన కిరోసిన్ స్టవ్వు, రెండు గిన్నెలు, ఒక నీళ్ల క్యాను. నా సంసారమంతా అదే.

చత్వారం అద్దాలు అమ్మడం నా బతుకుతెరువు. ఒకవైపు నేలకొండపల్లి, తల్లాడ. ఇంకోవైపు గోదావరి దాటి భద్రాచలం, దుమ్ముగూడెం, అక్కణ్నుంచి అడవిలోకి ఎంతవరకు దారి ఉంటే అంతవరకు. సంత ఉన్నచోట ఆగేవాణ్ని, వ్యాను తలుపుకు అక్షరాల అట్ట తగిలించేవాణ్ని. అక్షరాలు రానివాళ్లకు సూదిలో దారం ఎక్కించమని ఇచ్చేవాణ్ని. దారం ఎక్కిందంటే అద్దం సరిపోయినట్టే.

ఖమ్మంలో నేనూ అమ్మా ఉన్న కిరాయి ఇల్లు, ఆమె పోయాక ఖాళీ చేశాను. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగితే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ వయసు దాటిపోయింది. ఇల్లు లేకపోయినా వ్యాను ఉంది కదా అనుకున్నాను. పగలు బాగానే గడిచేది. జనం వచ్చేవారు, బేరమాడేవారు, అద్దాలు పెట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వుకునేవారు. సాయంత్రం సంత ఎత్తేశాక మాత్రం ఆ చోటంతా ఒక్కసారిగా ఖాళీ అయ్యేది. అప్పుడు రేడియో పెట్టేవాణ్ని. పాటలు, వార్తలు, రైతుల కార్యక్రమం, ఏదైనా సరే. స్టేషన్ మూసేశాక వచ్చే గరగర శబ్దం కూడా ఆపేవాణ్ని కాదు. దాంతోనే నిద్రపోయేవాణ్ని.

ఇది రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట. సెల్‌ఫోన్లు భద్రాచలం దాకా వచ్చాయి గానీ అడవి వైపు అడుగేస్తే మోగేవి కావు.

ఒక ఎండాకాలం దుమ్ముగూడెం అవతల ఒక చిన్న గూడెంలో ఆగాను. మర్నాడు పొద్దున బయల్దేరదామని తాళం తిప్పితే టిక్కుమని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. మళ్లీ తిప్పాను. ఈసారి అది కూడా లేదు. లైటు వేస్తే నిప్పురవ్వలా ఎర్రగా వెలిగి ఆరిపోయింది. తోయించుకుందామంటే గూడెంలో మగవాళ్లెవరూ లేరు. ఇప్పపూలు ఏరడానికి ఇళ్లకిళ్లే తెల్లవారకముందే అడవికి పోయాయి. చేసేదేం లేక తలుపు మెట్టు మీద కూర్చున్నాను.

కాసేపటికి ఎదురింటి ముసలమ్మ కర్ర ముందు తాటిస్తూ నెమ్మదిగా నా వైపు వచ్చింది. వ్యాను రేకు చేతికి తగిలాక ఆగింది.

"నిన్న పాటలు పాడింది గదా, ఇయ్యాల పాడ్తలేదేంది?" అంది.

"బ్యాటరీ పోయిందవ్వా."

"చచ్చిపోయిందా?"

"అవ్, గట్లనే అనుకో."

"అయ్యో పాపం" అంది. మనిషి పోతే అన్నట్టే అంది. రేకును అరచేత్తో రెండుసార్లు నిమిరింది కూడా.

ఎండ ఎక్కువవుతోంది. నీడలో కూర్చుంటావా అని అడిగి, చెయ్యి పట్టుకుని నా పక్క సీట్లో ఎక్కించాను. ఆమె సీటంతా తడిమి చూసింది.

"ఇండ్ల ఎవరు కూసుంటరు?"

"ఎవ్వరు కూసోరవ్వా."

"మరి ఎందుకు పెట్టినవ్?"

"నేను పెట్టలే. బండితోటే వచ్చింది."

ఆమె నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. టార్చి వేసి ఆమె కళ్లు చూశాను. రెండు కళ్లలోనూ పాలచుక్క వేసినట్టు తెల్లటి పొర. నా అద్దాలతో అయ్యే పని కాదది. భద్రాచలం దవాఖానలో ఆపరేషన్ చేస్తే చూపు రావచ్చని చెప్పాను.

"కొడుకు గూడ చెప్తడు. బస్సుల జనం తోసుకుంటరు, నాకేమో కానరాదు. నేను పోను" అంది. మళ్లీ తనే సీటు మీద చేత్తో తడుతూ, "ఈ కుర్చీలయితే వస్త" అంది.

మధ్యాహ్నం దాటాక ఆమె కొడుకూ కోడలూ, ఇంకొందరూ బుట్టలతో తిరిగొచ్చారు. గూడెం చివర చిన్న వాలు ఉంది. అందరూ కలిసి అక్కడిదాకా తోసి, ఒక్క ఊపున వదిలారు. ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. వాళ్లకు కిటికీలోంచి చెయ్యూపడమే గాని దిగి దండం పెట్టే ధైర్యం చేయలేదు. ఆపితే మళ్లీ తోయాలి. భద్రాచలం దాకా ఎక్కడా ఆపకుండా తోలుకొచ్చాను.

బ్యాటరీల కొట్టును ఒకావిడ నడిపేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. యాసిడ్ చుక్కలు పడి ఆమె చీర కొంగు నిండా సన్నటి చిల్లులు. నా బ్యాటరీ దింపించి, ఒక్కో మూత తీసి, గాజు గొట్టంతో లోపలి నీళ్లు పీల్చి వెలుగుకు పెట్టి చూసింది. గొట్టంలో తేలాల్సిన బుడిపె అడుగునే కూర్చుంది.

"ఇది చార్జింగ్ పెట్టినా నిలవదన్నా. కొత్తది ఎయ్యాల్సిందే" అంది. "ముసలిదై పోలే ఇది. రోజు అడుగంట వాడుకుంటే పోయింది. ఇంజను తిప్పే బ్యాటరీని గట్ల వాడొద్దు. బండ్ల ఏమేం నడుస్తయ్?"

"రెండు లైట్లు, చిన్న ఫ్యాను, రేడియో."

"ఎంతమంది పండుకుంటరు?"

"నేనొక్కన్నే అక్కా."

"రేడియో ఎంతసేపు మోగుతది?"

చెప్పాలా వద్దా అని కాస్త తటపటాయించాను. "తెల్లారేదాక" అన్నాను చివరికి.

"స్టేషన్ బందయితది గదా?"

"బందయినా ఆపను."

ఆమె మూతలు ఒక్కొక్కటే తిరిగి బిగించింది. తలెత్తకుండానే, "మా ఆయన పోయినంక నేను గూడ ఏడాది దాక టీవీ బందు చెయ్యలే. చూసేది లేదు, ఇనేది లేదు. ఊకెనే నడిచేది" అంది. గోనెగుడ్డకు చేతులు తుడుచుకుని కొత్త బ్యాటరీల వైపు నడిచింది.

అప్పటిదాకా నాకు బ్యాటరీ అంటే బ్యాటరీయే. ఆమె చెప్పాక తెలిసింది, ఇంజనుకు కావాల్సింది వేరు, మనిషికి కావాల్సింది వేరని. ఇంజనుది ఒక్క క్షణం గట్టిగా తన్ని, తర్వాత ఊరుకునే రకం. లైటుకూ ఫ్యానుకూ కావాల్సింది కొంచెం కొంచెంగా, గంటల తరబడి ఇచ్చే రకం. రెండూ విడివిడిగా పెట్టుకుని మధ్యలో స్విచ్ బిగిస్తే, రాత్రి నేను ఎంత వాడుకున్నా పొద్దున బండి కదులుతుంది. ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే పొడవాటి బ్యాటరీ చూపించింది. దాంతో ఫ్యాను, రేడియో, లైట్లు తెల్లారిందాకా నడుస్తాయంది.

"ఇది యాడ పెడదామన్నా?" అంటూ వ్యాను ఎక్కి చూసింది. మంచం కింద చోటుంది గాని, చార్జింగ్ అయ్యేటప్పుడు గ్యాసు లేస్తుంది, పక్కనే స్టవ్వు, పైన నా తల. అది కుదరదంది. ముందుకొచ్చి ఎడమవైపు సీటు మీద చెయ్యి వేసింది.

"దీన్ని పీకేస్తే మంచిగ పడ్తది. కిటికీ పక్కనే, గాలి గూడ ఆడ్తది. ఎవరు కూసుంటరు ఇండ్ల?"

పొద్దున ముసలమ్మ అడిగిన ప్రశ్నే. ఎవ్వరూ కూర్చోరనే అనబోయాను. మాట మారింది.

"ఒకామె దవాఖానకు వస్తనన్నది."

"ఆమె మీకేమైతది?"

"ఏం గాదు."

ఆమె నన్ను ఒకసారి చూసింది. కొట్టులోకి పోయి టేపు తెచ్చి, సీటు కింద డొల్లలో పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచింది. అందులో పట్టేది ఒక్కటే రకం. నీళ్లు పొయ్యక్కర్లేని చిన్న సీల్డ్ బ్యాటరీ. ఒక లైటు, రేడియో లాగుతుంది, ఫ్యాను లాగదు. రేడియో కూడా తెల్లారిందాకా కాదు, పడుకునే వేళ దాకా.

"ఎండకాలం ఫ్యాను లేకుంట ఎట్ల పండుకుంటవ్ తమ్మీ?" అంది. అన్నా అనడం మానేసి తమ్మీ అందని అప్పుడు గమనించలేదు.

"తలుపు తెరుసుకుంట అక్కా. సీటు ఉండనీ."

ఇంజనుకు మామూలుది ఒకటి, సీటు కింద చిన్నది ఒకటి బిగించారు. తాళం తిప్పగానే ఇంజను ఎప్పుడూ లేనంత గట్టిగా అందుకుంది. ఆమె రేడియో తిప్పి, పాట వచ్చేదాకా ఆగి, "జాగ్రత్తగ వాడుకో" అని కొట్టులోకి వెళ్లిపోయింది.

మరుసటి వారం గూడేనికి తిరిగి వెళ్లాను. దారి పొడుగునా ముసలమ్మ మూట సర్దుకుని ఎదురుచూస్తున్నట్టు ఊహించుకున్నాను. ఆమె వాకిట్లో కూర్చుని ఇప్పపూలలో పుల్లలు చేత్తో తడిమి ఏరుతోంది. బండి తెచ్చానని చెప్పాను.

"ఎందుకు?" అంది.

"దవాఖానకు వస్తనన్నవ్ గదవ్వా."

"నేనెప్పుడన్న?"

కోడలు నవ్వు ఆపుకుంటూ లోపలికి పోయింది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏదో మాటవరసకు అన్నదాన్ని పట్టుకుని, వారమంతా మోసుకు తిరిగాను. వ్యాను దగ్గరికి వచ్చి, అద్దాలన్నీ తుడవక్కర్లేకపోయినా తుడిచాను. పొద్దు వాలాక రేడియో పెట్టాను. కొంతసేపటికి కర్ర చప్పుడు వినిపించింది. ఆమె వచ్చి బయటే నేల మీద కూర్చుంది. పాటలు అయ్యేదాకా విని వెళ్లిపోయింది.

పొద్దున లేచేసరికి ఉతికిన చీర కట్టుకుని, చేతిలో గుడ్డసంచితో వ్యాను పక్కన నిలబడి ఉంది. వెనక కోడలు. "జల్దీ పోదాం, మళ్ల ఎండయితది" అంది, ఆలస్యం చేసింది నేనే అయినట్టు.

ఆమె పక్క సీట్లో, కోడలు వెనక మంచం మీద. బండి కదిలినప్పటి నుంచి ఆమె ప్రశ్న ఒక్కటే. "ఇప్పుడేమొచ్చింది?" చెట్లొచ్చాయవ్వా. ఇప్పుడు? వాగు, నీళ్లు లేవు. ఇప్పుడు? ఎడ్లబండి, దాని మీద వెదురు. ఇప్పుడు? ఒకాయన సైకిల్ దిగి దారిచ్చాడు, తెల్ల తువ్వాల. గోదావరి కనపడినప్పుడు ఇసుక ఎంత మేర ఉంది, నీళ్లు ఎటుగా ఉన్నాయి అని విడివిడిగా అడిగింది. ఏళ్లుగా ఆ దారిలో తిరుగుతున్నాను, ఎవరికీ దాన్ని చెప్పలేదు. భద్రాచలం చేరేసరికి గొంతు బొంగురుపోయింది. అంతసేపు వరుసగా ఎప్పుడు మాట్లాడానో గుర్తు లేదు.

దవాఖానలో పేరు రాసుకునే ఆమె, "మీరేమైతరు?" అని నన్ను అడిగింది. కళ్లద్దాలు అమ్మేటోణ్ని అన్నాను. అయితే బయట ఉండమంది. న్యాయమే కదా. ఆపరేషన్ మర్నాడంట. కోడలు దగ్గరుంటుంది, తిరుగు ప్రయాణానికి కొడుకు వస్తాడు. ఇక నాతో పని లేదు. ముసలమ్మ బెంచీ మీద కూర్చుని పక్కవాళ్ల మాటలు వింటోంది. వెళ్లొస్తానని చెబితే తల ఊపింది.

తల్లాడ వైపు బయల్దేరాను. బండి సులువుగా పోతోంది. లైటు వెలుగుతోంది, రేడియో మోగుతోంది. బ్యాటరీల విషయంలో నాకే లోటూ లేదు. వంతెన ఎక్కుతుండగా "ఇప్పుడు వంతెనొచ్చిందవ్వా" అని పైకే అన్నాను. అని, పక్కకు చూసి, రేడియో ఆపేశాను. వంతెన దాటేదాకా అతుకుల మీద చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు.

మళ్లీ ఆ గూడేనికి వెళ్లేసరికి వానలు మొదలయ్యాయి. ఆమె ఇంటి ముందు బండి ఆపి దిగాను. ఆమె కర్ర లేకుండా వచ్చింది. నన్ను చూసింది గాని ఎవరో తెలియలేదు. "బాగున్నవా అవ్వా?" అన్నాక ఠక్కున ఆగింది. దగ్గరికొచ్చి, నా ముఖాన్ని కిందికీ పైకీ చూసింది.

"నువ్వా! గొంతు ఇని పిలగాడనుకున్న గదయ్యా. తలంత తెల్లగైంది!"

పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక వ్యాను లోపలికి తొంగిచూసింది. మంచం, స్టవ్వు, తాడు మీద ఆరేసిన నా చొక్కాలు.

"ఇండ్లనే ఉంటవా?"

"అవ్."

"ఒక్కనివే?"

"ఏమన్న పనుందా అవ్వా?" అన్నాను, మాట మార్చడానికి. నిజంగానే పనుంది. కోడలు బుట్ట పట్టుకుని పిలుస్తోంది. వాన వెలిసింది, పుట్టగొడుగులు లేచి ఉంటాయి, ఈ ఏడాది అవి తనకు కనపడతాయి. ఆమె ఇంకో బుట్ట అందుకుని, తడి ఆకులు తొక్కుకుంటూ కోడలికంటే ముందే నడిచింది. చెట్ల మధ్య ఆమె చీర రంగు కాసేపు కనపడి, తర్వాత కనపడలేదు.

నేను అలమార తెరిచి, అక్షరాల అట్ట తలుపుకు తగిలించాను. ఆ రోజు అద్దాల కోసం ఎవరూ రాలేదు.