ఐశ్వర్య ఒడిలో పుట్టువెంట్రుకలు

పలమనేరులో పాలవ్యాను తోలే మునికుమార్ భార్య ఐశ్వర్య, కాన్పయి అత్తగారింటికి వచ్చిన నెలలోనే మూగనోము పట్టింది. పాలివ్వడానికి మాత్రం బిడ్డను ఒళ్లోకి తీసుకునేది. అదీ అత్త గురవమ్మ పక్కనుంటేనే. బిడ్డ కడుపు నిండగానే "అత్తా, ఎత్తుకో" అని అందించేసి గోడవారకు జరిగిపోయేది.

ఆడపిల్ల పుట్టిందని ముఖం ముడుచుకుందని వీధి వీధంతా తీర్మానం చేసేసింది. గురవమ్మ ఒప్పుకోలేదు. "గాలి సోకింది, ఇంకేముండాది" అంది.

గాలికి మందు ఇనుమేనని ఆ ఇంట్లో నమ్మకం. పురిటిబిడ్డ తల కింద కత్తి పెట్టడం తాతల నాటి ఆచారం. గురవమ్మ పెట్టింది. కోడలు ఆ వైపు చూసి వణకడం గమనించి, కత్తి చాలలేదేమోనని కొడవలి చేర్చింది. అయినా వణుకుతుంటే అడకత్తెర తెచ్చి ఉయ్యాల తాడుకు కట్టింది.

"ఏందిమా, బిడ్డకాడ ఆయుధపూజ చేస్తా ఉండావా?" అని నవ్వాడు మునికుమార్.

"నోర్ముయ్‌రా. నీ పెండ్లాం బయం పోయేదంకా ఇంకో రెండు పెడతా."

ఐశ్వర్య భయం గాలికి కాదు. ఆ కత్తిని చూసిన ప్రతిసారీ 'దాన్ని తీసి నేనే బిడ్డను ఏమన్నా చేసేస్తే?' అన్న ఆలోచన, పిలవని పేరంటానికి వచ్చినట్టు తలలో దూరేది. తరిమితే రెట్టింపై వచ్చేది. బిడ్డంటే ప్రాణం. ఆ ప్రాణం తన చేతుల్లోనే పోతుందేమోనని ఒళ్లంతా చెమటలు. చెబితే పిచ్చిదని బిడ్డను లాక్కుంటారు. చెప్పకపోతే ఏ రోజు ఏం చేస్తుందో తనకే తెలియదు. బిడ్డను అత్త చేతిలో పెట్టి చిత్తూరులో పుట్టింటికి వెళ్లిపోవడమే దారి అనుకుని బట్టలు సంచిలో సర్దుకుంది.

ఆ ఉదయమే ఆశా కార్యకర్త మునిలక్ష్మి బిడ్డను తూచడానికి వచ్చింది. సంచిని చూసింది, ఉయ్యాల చుట్టూ ఇనుప సామాను చూసింది. చూసిందాని గురించి అడగకపోతే ఆమెకు అన్నం అరగదు.

"గురవక్కా, గొంతు ఎండిపోతా ఉండాది, రవ్వంత కాపీ పెట్టు" అని అత్తను వంటింట్లోకి పంపి, కోడలి పక్కన చతికిలబడింది.

"యాడికి పయనం?"

"మాయమ్మ కాడికి."

"బిడ్డో?"

"ఈడే ఉంటాది."

"పాలు తాగే బిడ్డను ఇడిసిపెట్టి పోతావా? బిడ్డంటే రోతా, బయమా? ఏదో ఒకటి చెప్పు."

"బయమక్కా. నా చేత్తో నేనే ఏమన్నా చేస్తానేమోనని."

మునిలక్ష్మి కేక వెయ్యలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకోలేదు. "కొంతమంది బాలింతలకు ఇట్ట వస్తాదని మాకు ట్రైనింగులో చెప్పినారు. నువ్వొక్కదానివే అనుకోబాక. రేపే తిరుపతికి పోదాం" అంది.

బాలింతకు పరీక్షలని మాత్రమే గురవమ్మతో చెప్పింది. మర్నాడు ముగ్గురూ బస్సెక్కారు. గురవమ్మ బిడ్డను ఎత్తుకుంది. కొంగులో మంత్రించిన నిమ్మకాయ కూడా ఉంది.

పెద్దాసుపత్రిలో మానసిక వైద్యురాలు ఐశ్వర్యను చాలా ప్రశ్నలే అడిగింది. అలా చెయ్యాలని ఉంటుందా? చెవిలో ఎవరైనా మాట్లాడుతున్నారా? చచ్చిపోవాలని అనిపిస్తుందా? అన్నీ విన్నాక చెప్పింది: "ఆలోచన వేరమ్మా, కోరిక వేరు. నీకు చెయ్యాలని లేదు కాబట్టే ఇంత భయపడుతున్నావు. ఇది జబ్బు, నయమవుతుంది. పాలిచ్చే తల్లులు వేసుకోదగ్గ మాత్రలే రాస్తాను."

ఐశ్వర్య సరేనన్నాకే గురవమ్మను లోపలికి పిలిచి విషయం చెప్పారు. ఆమె నెత్తి కొట్టుకుంది. "అయ్యో, దాన్ని బెదరగొట్టింది నా ఇనుమేనా! ఇంట్లో కత్తులన్నీ బాయిలో ఏసేస్తా."

"వద్దు. ఉయ్యాల దగ్గరివి వంటింట్లో పెట్టండి, చాలు. దాచేకొద్దీ భయం పెరుగుతుంది. కొంచెం కొంచెంగా ఆమే కూరలు తరగాలి, బిడ్డ పక్కనుండగానే. మీరు కాపలా కూర్చోకూడదు."

"కాపలా లేకుండా యెట్టమ్మా?"

"నాకు నమ్మకముంది. మీకు?"

గురవమ్మ కోడలి తల నిమిరింది. "నా బిడ్డ మీద నాకు లేకుండా పోతాదా?" అంది.

మొదటి రోజు ఐశ్వర్య మూడే మూడు బీన్స్ కాయలు తరిగి, కత్తిపీట వదిలేసి ఏడ్చింది. గురవమ్మ పక్కింటి కుప్పమ్మ అరుగు మీద ఆకువక్క నములుతోంది. "ఏంది గురవక్కా, నోరు నా కాడ, చెవులు మీ ఇంట్లోనా?" అని కుప్పమ్మ ఎగతాళి చేసినా అక్కడినుంచి లేవలేదు. మాత్రలు పనిచెయ్యడానికి వారాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు తిరగబెట్టింది, మళ్లీ తిరుపతి బస్సెక్కారు. ఆరో నెలకు ఐశ్వర్య కాళ్లు చాపి, బిడ్డను వాటిమీద పడుకోబెట్టి, తానే నలుగు పెట్టి నీళ్లు పోసింది.

పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు తీయించడానికి బోయకొండ అమ్మవారి గుడికి వెళ్లారు. ఆచారం ప్రకారం బిడ్డకు మేనమామ ఒడి కావాలి. ఐశ్వర్య తమ్ముడు మోహన్‌కృష్ణ పంచె సర్దుకుని మఠం వేసుకున్నాడు. మంగలి కత్తికి బ్లేడు బిగించాడు.

"లెయ్‌రా, నేను కూసుంటా" అంది ఐశ్వర్య.

"మేనమామ ఒడి గదక్కా?"

"చెవులు కుట్టేటప్పుడు నీ ఒళ్లో కూసోబెట్టుకుందువులే."

గురవమ్మ బిడ్డను తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది. కత్తి నెత్తికి తగలగానే బిడ్డ గుక్కపట్టింది. ఐశ్వర్య తలలో ఆ పాత ఆలోచన మళ్లీ తొంగిచూసింది. 'వచ్చినావా? ఓ మూల కూసో, నాకు పనుండాది' అని లోలోపలే దానికి చెప్పి, రెండు చేతులతో బిడ్డ తలను ఒడిసిపట్టుకుంది.

"గట్టిగా పట్టుకోమ్మా, మెదిలితే తెగుతాది."

"నువ్వు గీకప్పా. నా చేతులు మెదలవు."

మెదల్లేదు. ఆఖరి పోగు రాలాక మంగలి తలంతా తడిమి చూశాడు. ఒక్క గాటు లేదు. ఐశ్వర్య చందనం గిన్నె అందుకుని ఆ నున్నటి గుండుకు తన అరచేత్తోనే పూసింది. వెనక వరసలో వాళ్లు "లెయ్యమ్మా, మా బిడ్డలూ ఉండారు" అని గోల పెడుతున్నా, పూత పూర్తయ్యేదాకా ఒళ్లోంచి బిడ్డను ఎవరికీ ఇవ్వలేదు.