ఉప్పు కడిగిన ఇసుకలో జేడ్ మొక్క

పెళ్లయి విశాఖపట్నం కాపురానికి వచ్చేనాటికి నాకు సముద్రం కొత్త, మేడ ఇల్లు కొత్త, అత్తగారూ కొత్తే. డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. మావారు రేవులో గుమాస్తా. పాత టౌనులో ఒక మేడ మీద రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. మామగారు పోయాక పొలం కౌలుకిచ్చి, అత్తగారు బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేసింది. ఊహ తెలిసినప్పటి నుంచీ వరీ చోళ్లూ పండించిన మనిషి. చేతులు ఖాళీగా ఉంటే ఆవిడకి తోచేది కాదు. నాతో మాత్రం అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు. నేనూ భయంతో నోరు విప్పేదాన్ని కాదు.

పక్క వాటాలో ఒక పంజాబీ ఆవిడ ఉండేది. ఆవిడకి తెలుగు రాదు, నాకు హిందీ రాదు. అయినా సాయంత్రాలు వరండాలో, ఆ ఉక్కపోతలో ఊలు అల్లుకుంటూ ఎన్నో కబుర్లు చెప్పుకునేవాళ్లం. భర్తకి బదిలీ అయి వెళ్లిపోతూ, ప్రాణంగా చూసుకునే జేడ్ మొక్కని కుండీతో సహా నా చేతుల్లో పెట్టింది. చంటిపిల్లల బొటనవేళ్లలా బొద్దుగా, నున్నగా ఉన్నాయి ఆకులు. "తోడా పానీ, తోడా పానీ" అని రెండుసార్లు చెప్పి, కళ్లు తుడుచుకుని రిక్షా ఎక్కేసింది.

అత్తగారు ఒక ఆకు నొక్కి చూసింది.

"గంగపాయల కూరలాగుంది. పప్పులో ఎయ్యొచ్చేటి?"

"వద్దత్తా, తినేది కాదు."

"తినడానికి కాకపోతే ఎందుకే ఇది?"

"చూసుకోడానికి."

ఆవిడ నన్నూ మొక్కనీ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్లిపోయింది. అయినా మర్నాటి నుంచి దాని పోషణ ఆవిడే అందుకుంది. పెరట్లో నూతిలోంచి నీళ్లు తోడి, చెంబుతో మెట్లెక్కి వచ్చి పొద్దునా సాయంత్రం పోసేది. అన్ని నీళ్లెందుకని ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"ఆయమ్మ తోడమంది కదే! నాను ఇన్నాను. తోడే పోత్తన్నాను."

నాకూ అది సబబుగానే తోచింది.

వానలు మొదలయ్యాక ఆకులు పసుపుబారి, లోపల నీళ్లు నింపినట్టు పలచబడి, చెయ్యి తగిలితే చాలు రాలిపోసాగాయి. కాండం మెత్తబడింది. నీళ్లు సాలట్లేదంటూ అత్తగారు ఇంకో చెంబు పోసింది. ఒక పూట ఎండ కాసింది. కింద వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన భార్య, నేను ఆపా అని, అంటే ఉర్దూలో అక్కా అని, పిలిచే ఆవిడ, మిరపకాయలు ఎండబెట్టడానికి మేడ మీదికి వచ్చింది. నేను కుండీ ముందు కూర్చుని ఏడుస్తున్నాను.

"ఏమైందమ్మా?"

మొత్తం చెప్పాను, 'తోడా పానీ'తో సహా. ఆపా మిరపకాయల చేట కింద పెట్టి, గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"తోడా అంటే మా భాషలో కొంచెం అనమ్మా! నూతిలో తోడమని కాదు!"

అత్తగారు చెంబుతో సహా గుమ్మంలో నిలబడిపోయింది. "కొంచెమా? ఆ ముక్క తెలుగులో ఏడవొచ్చు కదా ఆయమ్మ!" అని, మొక్క దగ్గర చతికిలబడి, "దీన్ని నానే ముంచీసానే" అంది. ఆ మొహం చూసి నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆపలేకపోయాను. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడా నవ్వింది. మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదటిసారి.

కుండీ బోర్లించి మొక్కని బయటికి తీశాం. వేళ్లు కుళ్లి కంపు కొడుతున్నాయి. అడుగున కన్నంలో ఒక గుడ్డపీలిక బిగించి ఉంది.

"ఇదేటత్తా?"

"కింద ఆపా ఆరేసుకున్న బట్టల మీద నీళ్లు కారతన్నాయని నానే కుక్కీసాను."

ఆపా మళ్లీ గోడ పట్టుకుంది.

అత్తగారు కత్తిపీట తెచ్చి, కుళ్లినంత మేరా కోసుకుంటూ పోయింది. లోపల తెల్లటి చెక్క కనిపించేదాకా చెయ్యి ఆపలేదు. చివరికి మిగిలింది నాలుగాకుల కొమ్మ. కోసిన చోట పసుపు అద్ది, గాయం ఆరాలని నీడలో కిటికీ గూట్లో పెట్టింది. నీళ్లు నిలవని మట్టి కావాలి కాబట్టి ఇసుక కలుపుదామన్నాను. మావారు జాలరిపేట వైపు వెళ్లి సంచీ నిండా ఇసుక తెచ్చారు. ఆపా చూసి, సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, మొక్క మాడిపోతుందంది.

ఇక కడగడం మొదలైంది. బకెట్లో ఇసుక పోసి, నీళ్లు పోసి, కలిపి, వంచి, మళ్లీ పోసి. ఉప్పు పోయిందో లేదో తెలిసేదెలా? అత్తగారు చిటికెడు ఇసుక నాలిక మీద వేసుకుని, పులుసు రుచి చూసినట్టు కళ్లు మూసుకుంది.

"ఇంకా ఉంది. ఒంపీ."

అప్పుడే మావారు డ్యూటీ నుంచి వచ్చారు.

"అమ్మా! ఏటి సేత్తన్నావ్?"

"ఉప్పు సూత్తన్నాన్రా. నువ్వూ సూడు."

తల్లి మాటకి ఎదురు చెప్పడం తెలియని మనిషి. బుద్ధిగా నోట్లో వేసుకుని, "సరిపోయిందమ్మా" అన్నారు.

"సరిపోడమేట్రా! ఉండనేకూడదు!"

ఇటుక ముక్కలు అడుగున పరిచి, కడిగిన ఇసుకా మట్టీ సమంగా కలిపి కొమ్మ నాటాం. అసలు కష్టం ఆ తర్వాతే. ఎండిన మట్టి చూస్తే అత్తగారి ప్రాణం నిలిచేది కాదు. చెంబుతో కుండీ దాకా వెళ్లి, ఆగి, ఆ నీళ్లు తనే గటగటా తాగేసి వెనక్కి వచ్చేది. ఆ రోజుల్లో ఆవిడ తాగినన్ని నీళ్లు ఇంట్లో ఎవరూ తాగలేదు.

ఒక పొద్దున ఆవిడ కేక వేస్తే పరుగెత్తాను. ఎప్పుడో రాలి కిటికీ గూట్లో ఉండిపోయిన ఒక ఆకు, వడిలి ముడతలు పడినా, చివర గులాబీ రంగు దారాల్లాంటి వేళ్లు వేసింది. వాటి మధ్య ఆవగింజంత పచ్చటి మొలక.

"సుక్క నీరు లేదు, మట్టి లేదు. ఎలా బతికిందే ఇది?" అంటూ ఆ ఆకుని అరచేతిలో పెట్టుకుని కిందికెళ్లి ఆపాకీ, గడియారాలాయనకీ, చేపలమ్మికీ చూపించి వచ్చింది. నూతి చెంబు ఆ రోజు నుంచి కుండీ దరిదాపుల్లోకి రాలేదు. వానలు పోయి చలి గాలి తిరిగేసరికి నాటిన కొమ్మ కూడా జంట ఆకులు తొడిగింది.

నీళ్లు తగ్గినా ఆవిడకి పని తగ్గలేదు. రేవులో కుప్పపోసిన ఇనుప రాయి మీంచి గాలి తెచ్చే ఎర్ర దుమ్ము ఆకుల మీద పేరుకునేది. తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ ఆవిడ తుడుస్తుంటే, నేను కుండీ తిప్పుతూ ఎదురుగా కూర్చునేదాన్ని. తను కాపురానికొచ్చిన కొత్తలో తన అత్తగారంటే ఎంత హడలిపోయేదో, చూడకుండా మజ్జిగ కుండ ఎలా తన్నేసిందో అన్నీ అప్పుడే చెప్పింది. ఒక్కోసారి అన్నం పొయ్యి మీద ఉందన్న సంగతే ఇద్దరం మరిచిపోయేవాళ్లం.

ఎనభైల్లో ద్వారకా నగర్ దగ్గరికి ఇల్లు మారేటప్పటికి ఒక కుండీ కాస్తా కుండీల వరస అయింది. చూసినవాళ్లందరూ కొమ్మ అడిగేవారు. అత్తగారు ఊరికే ఇచ్చేది కాదు. వాళ్లింట్లో కిటికీ ఎటుందో, ఎండ ఎంతసేపు పడుతుందో ఆరా తీసేది. ఒకసారి మావారి పై అధికారే అడిగించాడు. ఆయన ఇల్లు చీకటి కొట్టులా ఉంటుందని అత్తగారు ఎక్కడో విందట.

"ఎండ పడని ఇంటికి పిల్లనిత్తామేటి? ఇవ్వనని సెప్పీ."

మావారు తల పట్టుకున్నారు. మర్నాడు ఆఫీసు అయ్యాక నేరుగా ఆయనింటికే వెళ్లి, వంటింటి పక్కన తూర్పు కిటికీ ఒకటుందని కళ్లారా చూసి వచ్చి చెప్పారు. అప్పుడు అత్తగారు వరసలో అన్నిటికన్నా చిన్న కొమ్మ ఏరి, తుంచి, కాగితంలో చుట్టి ఇచ్చింది.