మా నాయన వెతికిన వాక్యం

ముత్తుకూరు దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం చేసే కథోలిక ఆయన్ని పెళ్ళి చేసుకుని, నేను కథోలిక గుడికి వెళ్ళడం మొదలుపెట్టి పదిహేనేళ్ళయింది. పుట్టింది ప్రొటెస్టెంట్ ఇంట్లో. మా నాయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆదివారాలు మా ఊరి చర్చిలో వాక్యం చెప్పేవాడు. ఏ మాట ఎక్కడుందని అడిగినా, పుస్తకం తెరవకుండానే అధ్యాయంతో సహా చెప్పేవాడు. నేను నెల్లూరులో డిగ్రీలో చేరినప్పుడు ఒక ఇంగ్లీషు బైబిలు కొనిచ్చాడు. పాతకాలపు ఇంగ్లీషు కాదు, ఇప్పటివాళ్ళకు అర్థమయ్యేది. "దినమూ పైకి చదువు పాపా. భక్తీ వస్తాది, ఇంగ్లీషూ వస్తాది" అన్నాడు. రెండోది బాగానే వచ్చింది. ఇప్పుడు బడిలో అదే చెబుతున్నాను.

ఓడరేవు పనుల మీద వచ్చిన పక్క రాష్ట్రాల కుటుంబాల కోసం మా గుడిలో ఇంగ్లీషు పూజ మొదలైనప్పుడు, బైబిలు నుంచి మొదటి పఠనం పైకి చదవమని ఫాదర్ గారు నన్ను అడిగారు. నా చేతిలోని బైబిలు చూసి, "మంచిదమ్మా. మన పూజల్లో ఇప్పుడు చదివేది ఈ అనువాదమే. ఇంతకుముందు వేరేది ఉండేది. ఇది కథోలికుల ప్రతి" అంటూ అదే పేరున్న ఇంకో పుస్తకం ఇచ్చారు. పేరు ఒకటే, వాక్యాలూ ఒకటే. అట్ట మాత్రమే వేరనుకుని దాన్ని అలమరాలో పెట్టాను. ఇంట్లో నాయన ఇచ్చినదే చదువుకునేదాన్ని.

పోయిన క్రిస్మస్‌కు నాయన మా ఇంటికి వచ్చాడు. కొంతకాలంగా ఆయనకు మతిమరుపు మొదలైంది. కళ్ళద్దాలు ఫ్రిజ్‌లో పెట్టడం, ఇప్పుడే తిన్న అన్నం మళ్ళీ అడగడం. మంగళవారం నెల్లూరులో డాక్టరుకు చూపించాలని అనుకున్నాం. ఆదివారం నాతో పాటు గుడికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

ఆ రోజు గుడిలోని పఠనాల పుస్తకంలో నేను చదవాల్సింది సిరాక్ గ్రంథం నుంచి. బైబిల్లోని చిన్న ప్రవక్తల్లో ఎవరో అనుకున్నాను. నా బైబిలు చదువు అంతంతమాత్రమని అప్పటికే మీకు తెలిసి ఉంటుంది. ముసలితనంలో తండ్రిని ఆదుకోమని, ఆయన బుద్ధి మందగించినా ఓర్చుకోమని, నీకు బలముంది కదా అని ఆయన్ని చులకన చేయవద్దని ఉంది అందులో. ఆ చోటుకు రాగానే తలెత్తి చూస్తే నాయన కళ్ళు మూసుకుని వింటున్నాడు.

ఇంటికి రాగానే తన తెలుగు బైబిలు ముందు వేసుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే రాలేదు.

"ఏం వెతకతా ఉండావు నాయనా?"

"నువ్వు చదివింది. సామెతల గ్రంథంలోదే గదా? మొత్తం చూసినా. యాడా లేదు."

"నువ్వు మొదటి మాట వినలేదేమో. సిరాక్‌లోది."

"అట్లాంటి పుస్తకం లేదు పాపా" అన్నాడు. వెంటనే మొహం పాలిపోయింది. "లేదా? ఉండి నేను మరిచిపోయినానా?"

నేను నా బైబిలు తెచ్చి విషయసూచిక చూశాను. లేదు. ఫోనులో అదే అనువాదం తెరిచి వెతికాను. అందులోనూ లేదు. పొద్దున నేనే నోరారా చదివిన పుస్తకం ఎటు పోయిందో నాకు అర్థం కాలేదు. నాయన బైబిలు మూసేసి, "డాక్టరుతో ఈ మాట కూడా చెప్పు. వాక్యం కూడా పోతా ఉండాదని చెప్పు" అన్నాడు.

అప్పుడు అలమరాలోని పుస్తకం గుర్తొచ్చింది. తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. పేజీ తర్వాత పేజీ ఒకటే మాటలు, ఒకటే కామాలు. ఉన్నట్టుండి ఫాదర్ గారిచ్చిన దాంట్లో నా దాంట్లో లేని పుస్తకాలు వచ్చాయి. వాటిలో సిరాక్ ఉంది. మూడో అధ్యాయం. నాయన వేలు పెట్టి మెల్లగా చదివాడు. బుద్ధి మందగించిన తండ్రి గురించిన చోట వేలు ఆగింది. నేను అటు చూడలేకపోయాను.

"అయితే నేను మరిచిపోలేదు" అన్నాడు.

"లేదు నాయనా. మన దాంట్లో లేనే లేదు."

ఆయన మొహం తేటపడింది. మళ్ళీ ముడుచుకుంది. "ఇంత మంచి మాట మన దాంట్లో ఎందుకు లేదు? మనోళ్ళు తీసేసినారా, వీళ్ళు చేర్చుకున్నారా?"

ఫాదర్ గారికి ఫోన్ చేశాను. తొలినాటి క్రైస్తవులు గ్రీకులో ఈ పుస్తకాలు చదివేవారని, తర్వాత మీ ప్రొటెస్టెంట్లు యూదుల హెబ్రీ గ్రంథాల జాబితానే పట్టుకున్నారని, అనువాదం ఒకటే అయినా జాబితాలు రెండని ఓపిగ్గా చెప్పారు. అదంతా నాయనకు చెప్పాను. "అంటే దేవుడు మాట్లాడినాడా లేదా?" అని అడిగాడు. ఫాదర్ గారికి మళ్ళీ ఫోన్ చేయలేదు. నేను వేరే గుడికి మారానని పదిహేనేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. వేరే బైబిలుకు కూడా మారానా? అదే మాటలున్న వేరే బైబిలు ఏమిటి?

మంగళవారం డాక్టరమ్మ నాయనను ఇది ఏ నెలని అడిగింది. చెప్పలేకపోయాడు. వందలోంచి ఏడు తీసేయమంది. లెక్కల మాస్టారు నా వైపు చూశాడు. మందులు రాసి, నన్ను పక్కకు పిలిచి, ఇది తగ్గేది కాదు, ముదరడం నెమ్మదిస్తే అదే మేలు అని చెప్పింది.

బస్టాండుకు ఆటోలో వస్తున్నాం. నాయన ఉన్నట్టుండి ఆ పఠనాన్ని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరి అనువాదమూ కాదు, తన సొంత తెలుగు. ఒక్క వాక్యం తప్పిపోలేదు. చెప్పడం అయిపోయాక నా వైపు తిరిగాడు.

"ఇది సామెతల్లో యెన్నో అధ్యాయం పాపా?"

సామెతల్లోది కాదని, మన బైబిల్లో లేదని మళ్ళీ మొదటినుంచి చెప్పాలా? చెబితే ఆ మాటను వదిలేస్తాడా? ఊరుకుంటే మోసం చేసినట్టా?

"మూడో అధ్యాయం నాయనా" అన్నాను.

"మూడే. నాకు గుర్తుండాది" అని తృప్తిగా తలాడించాడు. అబద్ధమాడానో నిజం చెప్పానో నాకు ఇప్పటికీ తేలలేదు.