మరిది చేసిన మంటల కాఫీ

ట్యూబులైటు కింద నూలు ఉండ అంచు నల్లబడుతోంది. మంట కనబడలేదు, పొగ కూడా సరిగ్గా లేదు. తెల్లటి పోగులు ఒకదాని వెంట ఒకటి ముడుచుకుపోతున్నాయి. ఏదో తప్పు జరుగుతోందని నాకు తెలిసింది అప్పుడే. మా ఐదేళ్ల పాప చెయ్యి ఆ ఉండకు జానెడు దూరంలో ఉంది.

ఆ ఉండను అక్కడ పెట్టింది నేనే.

మా మరిది హైదరాబాదులో ఒక హోటల్ బార్‌లో పనిచేస్తాడు. సెలవు మీద గద్వాల వచ్చినప్పుడల్లా అక్కడ నేర్చింది ఏదో ఒకటి మాకు చేసి చూపిస్తాడు. ఈసారి అన్నాలయ్యాక ఒక రమ్ము సీసా, కాఫీ వాసన వేసే తియ్యటి మద్యం సీసా తీసి ముందుగదిలో స్టూలు మీద పెట్టాడు. మా ఇంట్లో ముందుగది అంటే మగ్గం గదే. అందరం కూర్చోవడానికి అదొక్కటే చోటు.

గాజుగ్లాసు అంచుకు నిమ్మచెక్క రుద్ది చక్కెరలో అద్దాడు. అడుగున రమ్ము పోసి, లైటు ఆర్పమని, అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట లేచింది. గ్లాసును వంచి తిప్పుతుంటే అంచు మీది చక్కెర కరిగి బంగారు రంగుకు వచ్చింది. చిటికెడు దాల్చినచెక్క పొడి చల్లగానే రవ్వలు చిటపటా ఎగిరాయి. పాప, దాని తమ్ముడు చిన్నోడు, ఇద్దరూ కేరింతలు కొట్టారు.

"కాఫీ తాగనీకి గింత కథనారా?" అన్నాడు మా ఆయన.

"ఆగన్నా, ఇంక కాఫీ పొయ్యనే లే."

"నీ కాఫీ అయ్యేసరికి తెల్లారి చాయ్ యాళ్ల అయితది," అంది మగ్గం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న మా అత్త.

తియ్యటి మద్యం, వేడి కాఫీ పోసి, పైన మీగడ వేసి మొదటి గ్లాసు అన్నకిచ్చాడు. లైటు వేసి చూస్తే స్టూలు మీద రమ్ము ఒలికి ఉంది. నేను చేతికందిన నూలు ఉండతో తుడిచాను. నేతలో తెగిన పోగుల్ని మేము పారెయ్యం, ఉండ చుట్టి పెట్టుకుంటాం. పాలు ఒలికినా, నూనె ఒలికినా దానితోనే తుడుస్తాం. తుడిచి, అలవాటుగా స్టూలు అంచునే పెట్టాను. మరిది రెండో గ్లాసు వెలిగించాడు. ఈసారి లైటు ఆర్పలేదు. రవ్వ ఒకటి ఉండ మీద పడినట్టుంది.

రమ్ములాంటి స్పిరిటు మంట వెలుగులో కనబడదని డిగ్రీ ల్యాబులో నేను చూసిందే. పాపను పిలవబోయాను. గొంతు రాలేదు. కాళ్లూ కదల్లేదు.

అత్త ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. నూలు ఆరిపోకుండా కండెల బుట్ట మీద కప్పే తడిగుడ్డను లాగి, ఒక చేత్తో పాపను పక్కకు నెట్టి, ఇంకో చేత్తో గుడ్డను ఉండ మీద వేసి అదిమిపట్టింది. సుయ్‌మంది. పాప, నేసేటప్పుడు కాళ్లు పెట్టే మగ్గం గుంత గట్టు మీద పడి, మోకాలు గీసుకుపోయి ఏడుపు అందుకుంది.

మరిది తన గ్లాసు మీద సాసరు మూసి మంట ఆర్పాడు. "సూస్కోలేనే అమ్మా..."

"నువ్వు గాదు. ఆడ పెట్టింది నేను," అన్నాను.

ఇంకో రెండు మూరలు నేస్తే పూర్తయ్యే చీర పక్కనే మగ్గం మీద ఉంది. అత్త దానివైపు చూడనే లేదు. పాప చేతులు తిప్పి తిప్పి చూసింది. ఒక్క బొబ్బ లేదు. అప్పుడు కూలబడింది.

"ఎవలు పెట్టిన్రో ఇప్పుడెందుకు? ఆ కాఫీ ఇటియ్యి. ఇంత పరేషాన్ అయినంక నాకూ జర కావాలె."

రెండు గుక్కలు తాగి, "మందు వాసనగానీ, మంచిగనే ఉంది," అంది. మరిది కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

పిల్లలు పడుకున్నాక పాప వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూస్తూ కూర్చున్నాను. అత్తకు దండం పెట్టినా నవ్వి కొట్టిపారేస్తుంది.

పొద్దున పాప ఆమె దగ్గర జడ వేయించుకోనంది. "అవ్వ నన్ను నూకింది," అని నా వెనక దాక్కుంది. చిన్నోడు కూడా "నూకింది" అన్నాడు. ఇద్దర్నీ ముందు కూర్చోబెట్టుకున్నాను.

"నూకింది, నిజమే. నీ చెయ్యి కాలొద్దని నూకింది. ఆ నూలు ఆడ పెట్టింది అమ్మ. ముందు సూసింది గూడ అమ్మనే. కానీ అమ్మకు కాళ్లు రాలే బిడ్డా, అవ్వకు వచ్చినయి. పో, దువ్వెన తీస్కపోయి అవ్వతోనే జడ ఏపిచ్చుకో."