కేస్లి వంకాయ తోటలో ఒక్క పిచికారీ

ఉద్యోగ విరమణకు మూడేళ్ళ ముందు, జూన్ మొదటి వారంలో, భూపాలపల్లి నుంచి మహబూబాబాద్ జిల్లాకు ఉద్యాన అధికారిగా బదిలీ అయ్యాను. రసాయన పురుగుమందులు లేకుండా కూరగాయలు పండించే ప్రదర్శన క్షేత్రం ఒకటి ఏర్పాటు చేయడం నాకు అప్పగించిన పని. ప్రదర్శన క్షేత్రమంటే సర్కారు భూమి కాదు. రైతు సొంత చెలకలో, రైతు చేతనే పండించి, పదిమందికి చూపించే పంట.

నర్సింహులపేటకు కొంత దూరంలోని ఒక తండాలో కేస్లి అనే మహిళా రైతును ఎంచుకున్నాను. నలభై ఏళ్ళుంటాయి. ఇంట్లో లంబాడీ, మాతో తెలుగు మాట్లాడేది. ఆమె భర్త మిరపతోటలో మందు కొడుతూ పడిపోయి, దవాఖానలో మూడో రోజున చనిపోయాడు. అప్పటినుంచి ఆమె చెలకలోకి మందు డబ్బా రానివ్వలేదు. అరెకరం వంకాయలో సగం పుచ్చులకే పోయేది. అయినా మొదటి రోజే షరతు పెట్టింది.

"నువ్వు చెప్పిన పనంత జేస్త సారూ. గని మందు మాత్రం నా చెలకల అడుగు వెట్టొద్దు."

సరేనన్నాను.

వంకాయకు అసలు శత్రువు కొమ్మ, కాయ తొలిచే పురుగు. అది లోపలే ఉంటుంది కనుక పైన ఏం చల్లినా అంతగా తగలదు. వాడిన కొమ్మను పురుగుతో సహా తుంచి కాల్చేయాలి. ఆడ రెక్కలపురుగు వాసనను ఎరగా పెట్టిన లింగాకర్షక బుట్టలు కట్టి మగవాటిని పట్టాలి. అవి గుడ్లు పెట్టకుండా వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, సబ్బునీళ్ళు కలిపి చల్లాలి. ఇవన్నీ ఓపికతో కూడిన పనులు. కేస్లి ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆకుల రసం పీల్చే పేనుబంకను తినే అక్షింతల పురుగులు ఆకుల మీద తిరగడం మొదలయ్యాక వాటిని చూపించి, "వీటిని చంపకు, ఇవి నీ కూలీలు" అన్నాను. ఆమె నవ్వి, "కైకిలి అడగని కూలోళ్ళు" అంది.

దసరా నాటికి పది కాయలు కోస్తే ఒకటో రెండో పుచ్చులు వచ్చేవి. తామూ ఇలాగే పండిద్దామని తండాలో మరో ఐదారుగురు ఆడవాళ్ళు వేపగింజలు ఏరి పెట్టుకున్నారు.

అప్పుడే హైదరాబాదు నుంచి పెద్దల బృందం వస్తుందని కబురొచ్చింది. రెండు రోజుల ముందు మా పై అధికారి తోట చూశారు. నాలుగు చోట్ల కొమ్మలు వాడి ఉన్నాయి. ఈ పద్ధతిలో అంత మాత్రం సహజమేనని చెప్పాను. ఆయన వినలేదు. వచ్చేవాళ్ళకు ఒక్క పురుగు కూడా కనిపించకూడదన్నారు. ఎలా అని అడిగితే, అది మీకు నేను చెప్పాలా అన్నారు.

మర్నాడు కేస్లి అంగడికి వెళ్ళింది, చీకటి పడితే గానీ తిరిగి రాదు. నేను ఒక కూలీని పెట్టి, వాడిన కొమ్మలు తీయించి, తోటంతా రసాయన మందు కొట్టించాను. ఆయన నా చేయి పట్టుకుని చేయించలేదు. మందు ఎంచింది, మోతాదు చెప్పింది నేనే. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

బృందం వచ్చింది. తోట నిగనిగలాడుతోంది. ఒక పెద్దమనిషి కేస్లిని, నిజంగానే మందు కొట్టలేదా అని అడిగారు.

"ఒక్క సుక్క గూడ కొట్టలే సార్. మా ఆయన మీద ఒట్టు" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బండ్లు వెళ్ళిపోయాక ఆమె కాయలు కోయడానికి సాళ్ళలోకి దిగింది. కాసేపటికి తిరిగి వచ్చి నా ముందు అరచేయి తెరిచింది. అందులో చచ్చిన అక్షింతల పురుగులు. తర్వాత అదే చేతిని వాసన చూసుకుంది. అది దేని వాసనో ఆమెకు నేను చెప్పనక్కరలేదు.

"ఎవలు కొట్టిండ్రు?"

నేనే కొట్టించానన్నాను. పై నుంచి ఒత్తిడి అని కూడా అన్నాను. ఆమె రెండో మాట పట్టించుకోలేదు.

"సచ్చినాయన మీద ఒట్టేసిన. గంతమంది ముంగట నా నోటితోని అబద్ధం చెప్పించినవ్ గద సారూ."

ఆ కోత కాయలు ఆమె అమ్మలేదు, గుంత తీసి పూడ్చింది. మందుతో మిత్రపురుగులు పోయాయి కనుక మూడు వారాల్లో పేనుబంక, ఎర్రనల్లి తోటను కమ్మేశాయి. నేను రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ కంచె దగ్గరే ఆపి, "పో సారూ" అంది. చివరికి మొక్కలు పీకేసి, మరుసటి వానాకాలంలో పత్తి పెట్టింది. సారే మందు కొట్టిచ్చిండట అనే మాట తండా అంతా పాకింది. ఏరి పెట్టిన వేపగింజలు సంచుల్లోనే బూజు పట్టాయి.

నాకు ప్రశంసాపత్రం వచ్చింది. నివేదికలో 'రసాయన మందులు వాడలేదు' అన్న వాక్యం కింద సంతకం నాదే. దాన్ని సరిదిద్దమని నేను ఎవరికీ రాయలేదు.

ఆ తర్వాత కొత్తగా చేరిన ఉద్యోగులకు శిక్షణ ఇచ్చినప్పుడల్లా ఒక మాట చెప్పేవాణ్ణి: రైతు తోటలో రైతుకు తెలియకుండా ఏదీ చల్లకండి. పురుగు మళ్ళీ అదుపులోకి వస్తుంది, రైతు నమ్మకం తిరిగి రాదు. ఈ మాట నేనెలా నేర్చుకున్నానో మాత్రం వాళ్ళకు చెప్పలేదు.